రేవులో పిలిచిన పేర్లు

సాయంత్రం. పొద్దుటి నుంచీ వదలని ముసురు, పైగా గాలి. ఏలీసమ్మగారు రిబ్కమ్మ ఇంటి వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. గోదావరి ఒడ్డు పల్లెల్లో బైబిలు వాక్యం చెబుతూ తల నెరిసిన మనిషి. ఎవరేమడిగినా వెంటనే జవాబివ్వడం ఆవిడకు అలవాటు లేదు.

ఆవిడ దగ్గర వాక్యం నేర్చుకుంటున్న రిబ్కమ్మ ఆ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, ఈ పేటలో నేను తొక్కని గడప లేదు. పీట వేస్తారు, టీ ఇస్తారు, 'మీ దేవుడూ మంచోడేనమ్మా' అంటారు. ఒక్కరూ నమ్మరు. నా మాటలో లోపం ఏమిటండీ?"

ఆ పేటలో ప్రభువును నమ్మిన ఇల్లు రిబ్కమ్మదొక్కటే. భర్త పోయాక కూతురు షారోనును వెంటబెట్టుకుని వచ్చి చేరింది. ఆదివారం పూట ప్రార్థనకు పెద్ద చాప పరుస్తుంది. తల్లీకూతుళ్ళూ ఏలీసమ్మగారూ ఓ మూల కూర్చుంటే మిగతా చాపంతా ఖాళీ. పాట ఎత్తుకుంటే ఎవరి గొంతు వాళ్ళకే వినపడుతుంది.

ఏలీసమ్మగారు నోరు విప్పేలోగా రేవు వైపు నుంచి కేకలు. ఎగువ వానలకు వరద తోసుకొచ్చిందట. లంకలో గడ్డి కోతకు వెళ్ళిన ఆడవాళ్ళ పడవ ఇంకా ఒడ్డు చేరలేదు. షారోను అందులోనే ఉంది.

రిబ్కమ్మ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

ఎర్రనీళ్ళు రేవు మెట్లను మింగేస్తున్నాయి. పడవ కనబడుతూనే ఉంది గానీ, ముందుకు రాలేక పక్కకు జారిపోతోంది. రిబ్కమ్మ బురదలో మోకరించింది.

"ప్రభువా, నాకున్నది అదొక్కతే! నా షారోనును దించు తండ్రీ, షారోనును దించు!"

అదే మాట, మళ్ళీ అదే మాట. ఇంకెవరి పేరూ ఆమె నోట రాలేదు.

ఆ పక్కనే గంగరత్నం మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. ఆమె కోడలు వీరవేణీ ఆ పడవలోనే ఉంది. ఆ రేవుకు ఒక ఆనవాయితీ ఉంది. పడవకు ఆపద వస్తే ఒడ్డునున్న పెద్దామె నీళ్ళలో పసుపు వదిలి, లోపలున్నవాళ్ళను పేరుపేరునా పిలవాలి. సొంత మనిషి పేరు ఆఖర్న పిలవాలి.

"గోదారమ్మ తల్లీ, మా సిట్టెమ్మని దించు. బుల్లెమ్మని దించు. నాగమణిని దించు, కడుపుతో ఉంది. కిరస్తానం పిల్ల సారోనుని దించు, మొగుడు లేని తల్లికి ఒక్కతే కూతురు." చేతిలో మిగిలిన పసుపంతా నీళ్ళలో వదిలింది. "మా వీరవేణిని దించు తల్లీ."

వెనక నుంచి ఎవరో దెప్పారు: "ఏమే రత్నం, ఆ పిల్లని ఆళ్ళ దేవుడు సూసుకోడా ఏటి?"

"నోర్ముయ్యే, పడవొకటే కదా!" అంది గంగరత్నం, నీళ్ళ మీద చూపు తిప్పకుండా.

మగవాళ్ళు మోకు విసిరారు. ఒకసారి తప్పింది, మళ్ళీ విసిరితే అందింది. పడవ ఒడ్డు తాకీ తాకగానే షారోను దూకింది. రిబ్కమ్మ కూతుర్ని కొంగులో చుట్టుకుని, "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అంటూ గట్టెక్కి ఇంటిదారి పట్టింది.

గొడుగు వేసుకుని ఏలీసమ్మగారు ఎదురొచ్చారు. షారోను తల నిమిరి, రిబ్కమ్మ భుజం మీదుగా రేవు వైపు చూశారు.

"మిగతావాళ్ళు దిగారా, అమ్మాయీ?"

రిబ్కమ్మ నిలబడిపోయింది. ఆమెకు తెలియదు.

కూతురి చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగి మళ్ళీ బురదలోకి దిగింది. ఒక్కొక్క మొహమే వెతుక్కుంది. చిట్టెమ్మ, చలికి పళ్ళు కొట్టుకుంటూ. బుల్లెమ్మ. నాగమణిని ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని మెల్లగా దించుతున్నారు. వీరవేణి ఏది? రిబ్కమ్మ పడవ అంచు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. అటు గంగరత్నం దిగినవాళ్ళలో కోడలి కోసం వెతుకుతోంది.

తడిసిన గడ్డిమోపుల వెనక, పడవలోని నీళ్ళు తోడిపోస్తున్న మనిషి బిందెతో సహా పైకి లేచింది.

"రత్నమక్కా!" రిబ్కమ్మ కేక రేవంతా వినపడింది. "వీరవేణి వచ్చిందక్కా! అందరూ వచ్చారు!"