పలచని పాకం

మా ఆశ్రమం పెద్ద తాయారమ్మగారికి ఒక అలవాటుంది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు. ముందు వాళ్ళ చేతికి ఒక పని ఇస్తారు. పని అయ్యేసరికి కొందరు అడగడానికి వచ్చిన సంగతే మరిచిపోయి నవ్వుకుంటూ కొండ దిగిపోతారు. మరిచిపోని వాళ్ళకి మాత్రం ఒకటో రెండో మాటలు దొరుకుతాయి. ఆ ఒకటి రెండు మాటల కోసమే మంచుగెడ్డ ఆశ్రమానికి అంత ఎత్తు ఎక్కి వచ్చేవాళ్ళున్నారు.

మంచుగెడ్డలో చలికాలమంటే ఆషామాషీ కాదు. పుష్యమాసంలో బారెడు పొద్దెక్కేదాకా ఎదురుగా నిలబడ్డ మనిషి కనబడడు, దగ్గు మాత్రం వినబడుతుంది. అందుకని ఏటా కార్తీకం చివర్లో ఉసిరికాయలు బెల్లం పాకంలో ఊరబెట్టి జాడీలకెత్తుతాం. చలి ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే మనిషికొక కాయ. పైకొండ నుంచి ఉసిరి గోనెలు దిగిన రోజు మాకు పండగ కన్నా ఎక్కువ. మూతి విప్పి కుమ్మరిస్తే కాయలు గలగలమంటూ వాకిలంతా దొర్లుతాయి. వాటిమీద ఎండ పడితే ఒక్కొక్క కాయ లోపలా ఎవరో చిన్న దీపం పెట్టినట్టుంటుంది! ఒకళ్ళు కడగడం, ఒకళ్ళు తుడవడం, ఒకళ్ళు బెల్లం దంచడం, అందరూ ఒకేసారి మాట్లాడడం.

అలాంటి సందడిలో, ఒక మంగళవారం పూట, రాజ్యం వచ్చింది.

రాజ్యం కింద ఊళ్ళో పోలినాయుడి భార్య. జ్యేష్ఠంలో పెళ్ళయింది. పోలినాయుడికి మొదటి భార్య పోయి రెండేళ్ళు. ఎనిమిదేళ్ళ కూతురుంది, పేరు సీతాలు. రాజ్యం ఆ పిల్లని కూడా తీసుకొచ్చింది. పిల్ల మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయి, పరికిణీ కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని, గోడకి అతుక్కుని కూర్చుంది.

"అమ్మగారూ, ప్రేమ పెట్టేకొద్దీ పిల్ల ముడుచుకుపోతుందెందుకు?" అంది రాజ్యం, కూర్చోనైనా కూర్చోకుండా. "రోజుకి రెండుసార్లు జడ వేస్తాను. గవ్వలు చేసి పెడతాను. ముద్దలు కలిపి నోటికందిస్తాను. ఒక్కసారి అమ్మా అనవే అని బతిమాలుతాను. ఎంత దగ్గరికెళితే అంత దూరం జరుగుతుంది. మార్గశిరం తొలి లక్ష్మివారానికి వాళ్ళ అమ్మమ్మ వస్తోంది. పిల్ల ఉంటానంటే ఉంచుతుందట, వస్తానంటే తీసుకుపోతుందట. ఇంక తొమ్మిది రోజులే ఉంది!"

తాయారమ్మగారు ఒక బుట్టెడు కాయలు ఆమె ముందుకి జరిపారు. పైన ఒక వెదురుపుల్ల పెట్టారు.

"వీటికి చిల్లులు పొడు. ఇనుము తగిలితే నల్లబడతాయి, పుల్లతోనే పొడవాలి. తరవాత ఉడకబెట్టి పాకంలో వెయ్యి. నీ కుండ నీ ఇష్టం."

రాజ్యం చేతులు చూసి తీరాలి! దుఃఖం, ఆత్రం, ఆశ అన్నీ ఆ పుల్లలోకి దిగినట్టు టకటకా పొడిచేసింది. పొయ్యి మీద దాక ఎక్కించి అందుబాటులో ఉన్న అనకాపల్లి బెల్లమంతా అందులో వేసింది. మేం వద్దనబోతే తాయారమ్మగారు కళ్ళతోనే ఆపారు. పాకం ముదిరి బుడగలు టప్ టప్ మని పేలుతుంటే, అందులో కాయలన్నీ ఒక్కసారే కుమ్మరించి, "నా కుండంత తియ్యగా మరొకటి ఉండకూడదు" అంది. ఆ సువాసనకి వాకిట్లో చీమల బారు కూడా దారి మార్చుకుంది.

తాయారమ్మగారు తన కుండలో నీళ్ళలాంటి పాకం పోసుకున్నారు. అందులో కాయలు తేలుతున్నాయి. చూసి రాజ్యం జాలిపడింది కూడా.

మర్నాడు పొద్దున్నే పిల్లని వెంటబెట్టుకుని పరుగున వచ్చి మూత తీసింది. నిగనిగలాడిన కాయలన్నీ ముడతలు పడి, గట్టిపడి, అడుగున కూచున్నాయి.

"కుంకుడుకాయలు!"

ఆ గొంతు ఎవరిదా అని అందరం తిరిగి చూశాం. గోడ దగ్గరి పిల్ల! ఎప్పుడు లేచి వచ్చిందో, రాజ్యం భుజం వెనక నుంచి మెడ సాచి చూస్తోంది. "కుంకుడుకాయల్లాగున్నాయి. తలంటుకోడానికి పనికొస్తాయి," అని కిలకిలా నవ్వింది. మేం నవ్వేలోపే మళ్ళీ గోడ దగ్గరికి పారిపోయింది.

రాజ్యానికి నవ్వు రాలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇంత బెల్లం పోశానే అమ్మగారూ. తీపి ఎక్కడ తక్కువైంది?"

"కాయ లోపల దాని నీళ్ళు దానికుంటాయి," అన్నారు తాయారమ్మగారు. "బయట తీపి మరీ చిక్కనైతే అది లోపలికి పోదు. లోపలున్నది కూడా లాగేస్తుంది."

అంతే. తన కుండ ఆమెకప్పగించి, రోజూ సాయంత్రం ఏం చెయ్యాలో చూపించారు. కాయలు దేవి పక్కన పెట్టాలి. పాకం మాత్రం కాచి, నిన్నటి కన్నా ఒక్క వాసి చిక్కబరచాలి. చల్లారాక కాయల్ని మళ్ళీ అందులో విడిచిపెట్టాలి. మళ్ళీ రేపు. అలా ఏడు రోజులు, ఏడు కాపులు. ముడుచుకుపోయిన కాయల్ని కూడా పారెయ్యనివ్వలేదు, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టించారు. కొన్ని మెల్లగా విప్పారాయి. కొన్ని విప్పారలేదు, వాటిని రోట్లో దంచి తొక్కు చేశాం.

ఆ రోజు నుంచీ రాజ్యం సాయంత్రాలు పొయ్యి దగ్గరే. గరిటె ఒక చేత, విసనకర్ర ఒక చేత, పాకం మీదే కళ్ళు. పిల్ల తల నిమరడానికి చెయ్యేదీ? తినమని బతిమాలడానికి తీరికేదీ? మొదటి రోజు సీతాలు గోడ దగ్గర ఉంది. రెండో రోజూ, మూడో రోజూ మెట్టు మీద ఉంది. నాలుగో రోజు, అంటే శనివారం, ఇంకో గోనె ఉసిరి దిగింది. కాయలు వాకిట్లో దొర్లుకుంటూ పోతే ఒకటి తిన్నగా ఆ పిల్ల కాళ్ళ దగ్గరికే వెళ్ళి ఆగింది. ఆ కాయని చేతిలో తిప్పుకుంటూ, తిప్పుకుంటూ, పొయ్యి దాకా వచ్చింది.

"నేనూ పొడవనా?"

రాజ్యం గిరుక్కున తిరిగింది. రెండు చేతులూ చాచింది. ఎత్తుకుని గుండెలకి హత్తుకోబోతోందని అందరికీ తెలిసిపోయింది. పిల్ల మెడ అప్పుడే వెనక్కి వంగింది. సరిగ్గా ఆ క్షణాన కుండలో పాకం బుడబుడమంది. రాజ్యం ఆ చప్పుడు విని ఆగింది. చాచిన చేతులు మెల్లగా దించింది. పక్కనున్న వెదురుపుల్ల తీసి పిల్లకిచ్చి, "ఊఁ. వేలు జాగర్త," అని మళ్ళీ పొయ్యివైపు తిరిగిపోయింది. తిరిగాక ఆమె పెదవులు వణకడం నాకు ఇటునుంచి కనబడింది. పిల్లకి కనబడలేదు.

ఆ సాయంత్రం సీతాలు నలభై కాయలు పొడిచింది. ఒక్కటి కూడా నల్లబడలేదు. వాటికి వేరే కుండలో ఆ రాత్రే మొదటి కాపు.

లక్ష్మివారం రానే వచ్చింది. సీతాలు ఆశ్రమంలో ఉందని విని అమ్మమ్మ ఎర్రయ్యమ్మ నేరుగా అక్కడికే వచ్చింది. తెల్లటి తల, చేతిలో కర్ర, సంచీలో పిల్లకి కొన్న కొత్త దుప్పటి. అలసట తీర్చుకోకుండానే పిల్లని దగ్గరికి లాక్కుని నుదురు ముద్దుపెట్టుకుంది. సీతాలు కూడా ఆవిడ నడుం గట్టిగా చుట్టేసింది. రాజ్యం గరిటె తిప్పడం ఆపేసింది.

"ఏటే గుంటా, చిక్కిపోయావు. నాతో వొచ్చేస్తావేటి?"

గెడ్డ పారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

సీతాలు అమ్మమ్మ ముఖం చూసింది. కుండ చూసింది. "ఇప్పుడెలా వస్తానే? నా కాయలకి ఇంకా రెండు కాపులుండిపోయాయి."

"ఆవిడ కాస్తాదిలే."

"ఆవిడా!" పిల్ల అమ్మమ్మ చెవి దగ్గరికి వంగింది గానీ, ఆ రహస్యం కొండవతలికి కూడా వినపడింది. "ఆవిడకి పాకం చూడ్డం రాదే అమ్మమ్మా. మొన్న కుండ కుండంతా కుంకుడుకాయలు చేసేసింది. నేను లేపోతే ఇదీ అంతే. అయినా మరి పుష్యం అంతా తినాలి కదా. సలి అయిపోయాక వొస్తాను."

ఎర్రయ్యమ్మ రాజ్యం వైపు చాలాసేపు చూసింది. ఆవిడ కళ్ళలో ఏముందో చెప్పలేను. పోయిన కూతురు ఒక్కసారి మెరిసి ఉంటుంది. తరవాత కర్ర గోడకి ఆనించి, "అయితే ఏటమ్మా, నువ్వంత సేతకాని దానివా?" అంది.

"అవునత్తా," అంది రాజ్యం. ఏడుస్తూ నవ్వుతూ, రెండూ ఆపుకోలేక. "అస్సలు చేతకాదు."

"మరి సూస్తావేటి, అడుగంటేస్తాది, తిప్పు!" అని ఆవిడే గరిటె లాక్కుంది. మా వాకిలి ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఎర్రయ్యమ్మ ఆ కొత్త దుప్పటి మడత విప్పి, అందరూ చూస్తుండగా, రాజ్యం చేతికిచ్చింది. రాత్రుళ్ళు పిల్ల కప్పుకోదని, తన్నేస్తుందని, రెండుసార్లు లేచి కప్పాలని చెప్పింది.

శుక్రవారం సీతాలు కాయలకి ఆఖరి కాపు. కాయలు తేనె రంగు తిరిగి, నిండుగా, పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. జాడీలకెత్తుతుంటే రాజ్యం తాయారమ్మగారి పక్కకి జరిగి గొంతు తగ్గించి అడిగింది. ఆమె ప్రశ్న మరిచిపోలేదు మరి.

"అమ్మగారూ, అంతా బాగుంది. కానీ ఇప్పటికీ ఆవిడ, ఆవిడ అనే అంటోంది. అమ్మా అని ఎప్పుడంటుంది?"

తాయారమ్మగారు జాడీ మూతికి తెల్లబట్ట కట్టి, ముడి బిగించి, సీతాలు చేత దానిమీద చెయ్యి వేయించారు.

"ఇవాళే కదమ్మా కట్టాం," అన్నారు. "పుష్యంలో విప్పుదాం."