స్ఫటికపు తొట్టిలో సముద్రం

అనగనగా, అలలు వచ్చి కోటగోడను తాకి వెళ్ళే చోట ముత్యాలరేవు అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని మణికేతుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కానీ అందమైనది ఏది కనబడినా అది తన కళ్ళెదుటే ఉండాలనేవాడు. కాదంటే కోపం వచ్చేది. అందుకని ఆ కోటలో కాదనేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఒకనాడు దూరదేశపు ఓడవాళ్ళు ఆయనకు ఒక స్ఫటికపు తొట్టిని కానుకగా ఇచ్చారు. నిలువెత్తు మనిషి అందులో కాళ్ళు చాపుకొని పడుకోవచ్చు. ఇటు నుంచి చూస్తే అటువైపు నిలబడ్డవారి కనుబొమలు కూడా లెక్కపెట్టవచ్చు.

రాజు చప్పట్లు చరిచాడు.

"దీని నిండా సముద్రపు నీరు పోయండి. సముద్రంలో ఎన్ని అందాలున్నాయో అన్నీ ఇందులోనే ఉండాలి. వసంతోత్సవం నాడు ఊరంతా వచ్చి చూడాలి!"

మరి చేపలను చూసుకునేదెవరు? రాజు చూపు తోటమాలి దాలయ్య మీద పడింది.

"రంగురంగుల పూలు పెంచేవాడివి. రంగురంగుల చేపలను పెంచలేవా?"

చేపల గురించి దాలయ్యకు తెలిసింది ఒక్కటే, పులుసులో చింతపండు ఎంత పడాలో. అయినా రాజు మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. "చిత్తం ప్రభూ" అన్నాడు.

చేపలు తెచ్చే పని బెస్తవాడలోని నూకాలుకు అప్పగించారు. తెప్ప మీద పుట్టి తెప్ప మీద పెరిగిన మనిషి ఆమె. ఏ రాతి కింద ఏ చేప కాపురం ఉంటుందో, దేనికి దేని పొడ గిట్టదో ఆమెకు కరతలామలకం.

మొదట ఆమె చిటికెన వేలంత చేపలను ఐదింటిని తెచ్చింది. అవి తొట్టిలో గుంపుగా తిరుగుతుంటే గాలికి పూలరేకులు ఎగిరినట్టుండేది. దాలయ్య మురిసిపోయాడు. రాజు మాత్రం పెదవి విరిచాడు.

"ఇంత పెద్ద తొట్టిలో ఇంత చిన్న చేపలా? రాజసం ఉన్నది తెమ్మను!"

నూకాలు తెచ్చింది. ఒంటినిండా ఎరుపు తెలుపు చారలు. నెమలి పురి విప్పినట్టు విప్పిన రెక్కలు. నీటిలో కదిలితే పట్టపుటేనుగు ఊరేగుతున్నట్టే ఉంది. చేప ఉన్న కుండను దాలయ్య చేతికిస్తూ ఆమె నెమ్మదిగా అంది:

"అన్నా, రాజుగారి చెవిన ఓ మాట వెయ్యి. దీని రెక్కలు కాదు, నోరు చూడమను. ఆ నోట్లో పట్టేదేదీ దీని పక్కన బతకదు."

"ఏలినవారు అడిగింది తేవడం నీ పని, ఇచ్చింది పెంచడం నా పని. మధ్యలో మాటలెందుకు చెల్లీ?" అన్నాడు దాలయ్య. చేపను తొట్టిలో వదిలాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి చూసిన దాలయ్య తొట్టి చుట్టూ తిరిగి వెతికాడు. ఐదు చేపలూ లేవు! నీరు తేటగా ఉంది. ఒక్క పొలుసు లేదు, ఒక్క రెక్క లేదు. తొట్టి నడుమ ఆ చారల చేప ఒక్కటే పురి విప్పుకొని నిలబడి ఉంది.

రాజు పరుగున వచ్చాడు. "ఏవి? నా చేపలేవి?" అని కేక వేశాడు. అంతలో తొట్టి కింద వెచ్చగా పడుకున్న వంటశాల పిల్లి కనబడింది. "ఇదే! ఈ దొంగదే తినేసింది!" అన్నాడు. భటులు పిల్లిని గోనెలో వేసి ఏరు దాటించి వదిలి వచ్చారు.

దాలయ్య చారల చేప పొట్ట వంక చూశాడు. కుక్కిన సంచిలా ఉబ్బి ఉంది. "ఈ చేపకు ఇక్కడ దిగులుగా ఉన్నట్టుంది ప్రభూ, సముద్రంలో వదిలేద్దాం" అని మాత్రం అన్నాడు. రాజు సరేనన్నాడు. "పిల్లే కదా, ఎక్కడైనా బతుకుతుంది" అని దాలయ్య మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఈసారి రాజుకు నీలం మీద మనసు పోయింది. నూకాలు బొటనవేలంత నీలిచేపను తెచ్చింది. అది తొట్టిలో దిగుతూనే అలంకారానికి నడుమ పెట్టిన రాతిలోని తొర్రను చూసుకుంది. పదిరోజులు హాయిగా ఉంది. పదకొండో రోజున రాజు, "దానికి తోడుగా బంగారు రంగువి తెమ్మను" అన్నాడు.

నూకాలు అరచేయంత బంగారు చేపలను నాలుగింటిని తెచ్చింది. కుండ మాత్రం వెంటనే ఇవ్వలేదు.

"అన్నా, ముందొచ్చినది ఇల్లు పట్టేసింది. ఇప్పుడు తొట్టంతా తనదేననుకుంటుంది. వీటిని దింపాలంటే ముందు దాన్ని బయటికి తియ్యాలి. ఇదే వీటి తర్వాత దిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు."

దాలయ్యకు నవ్వొచ్చింది. "బొటనవేలంత చేప అరచేయంత చేపలను ఏం చేస్తుందమ్మా?"

తెల్లవారి చూస్తే నాలుగు బంగారు చేపలూ నీటి పైన తేలుతున్నాయి. తోకలు పీలికలు పీలికలుగా వేలాడుతున్నాయి. ఒంటి మీద పొలుసు నిలవలేదు. నీలిచేప మాత్రం వాటి కింద తళతళా తిరుగుతోంది.

రాజు ముఖం పాలిపోయింది. "కత్తితో కోసినట్టుంది! రాత్రి కాపలా ఎవరు?"

కాపలా భటుడు సింహాద్రి. "నేను గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు ప్రభూ! నా బిడ్డల మీద ఒట్టు!" అని వాడు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఎవరు వింటారు? బల్లెం లాక్కొని కొలువులోంచి తీసేశారు.

చచ్చిన చేపలను తీయడానికి దాలయ్య తొట్టిలో చేయి పెట్టాడు. అంతే! నీలిచేప బాణంలా వచ్చి అతని వేలిని కొరికింది. దాలయ్య ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కున్నాడు. వేలి కొసన చిన్న నెత్తుటి బొట్టు. అప్పుడు అర్థమైంది అతనికి.

తలపాగా చేతిలో పట్టుకొని సింహాద్రి అతని ముందు నుంచే నడిచి వెళ్ళిపోయాడు. పిలిచి నిజం చెబుదామనుకున్నాడు దాలయ్య. అంతలో రాజు కోపం గుర్తొచ్చి తొట్టి వైపు తిరిగాడు.

ఇక వసంతోత్సవం ఎంతో దూరం లేదు. నీలిచేపను కూడా సముద్రంలో వదిలేసి, దాలయ్య నూకాలు చెప్పిన సాధు చేపలనే దించాడు. అన్నీ కలిసి మెలిసి తిరుగుతున్నాయి. "అమ్మయ్య" అనుకున్నాడు.

పండుగ రెండు రోజులుందనగా రాజుకు మరో కోరిక పుట్టింది. జాలరుల దగ్గర ఒక పసుపుపచ్చ చేపను చూశాడట. నాలుగు పలకల పెట్టెలా ఉంటుందట, ఒంటినిండా నల్లచుక్కలట. "అది లేనిదే నా తొట్టికి నిండుదనం లేదు" అన్నాడు.

నూకాలు ఆ పెట్టెచేపను తెచ్చి, దాలయ్య చేయి పట్టుకొని మరీ చెప్పింది.

"అన్నా, ఈసారైనా నా మాట విను. ఇది ఎవరినీ కరవదు, ఎవరినీ తినదు. కానీ బెదిరిందంటే ఒంట్లోంచి విషం వదులుతుంది. సముద్రంలోనైతే ఆ విషం కరిగి కొట్టుకుపోతుంది. ఈ తొట్టిలో ఎక్కడికి పోతుంది? పండుగ గోలలో దీన్ని ఇక్కడ ఉంచొద్దని రాజుగారికి చెప్పు."

ఈసారి దాలయ్య నమ్మాడు. నిజం చెప్పాలనే రాజు గదికి వెళ్ళాడు. లోపల మణికేతుడు పండుగ తలపాగాను సవరించుకుంటూ చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు.

"వచ్చిందా దాలయ్యా? పసుపుచేప వచ్చిందా?"

ఆ నవ్వు కోపంగా మారడం దాలయ్య కళ్ళ ముందు మెదిలింది.

"వచ్చింది ప్రభూ" అన్నాడు. వెళ్ళి తొట్టిలో వదిలాడు.

వసంతోత్సవం వచ్చింది. తెల్లవారుజాము నుంచే డప్పులు, డోళ్ళు, బాకాలు. తొట్టి ముందు పట్టుతెర కట్టారు. తెర వెనక్కి చేతులు పోనిచ్చి పిల్లలు స్ఫటికాన్ని దబదబా బాదుతున్నారు. ఊరంతా చేరాక రాజు చిరునవ్వుతో తెరతాడు లాగాడు.

డప్పులు ఆగిపోయాయి. ఎవరో స్త్రీ కెవ్వుమంది.

తొట్టిలోని చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కదలడం లేదు. పసుపుచేప కూడా వాటి మధ్యే నోరు తెరుచుకొని తేలుతోంది.

రాజు చేతిలో తెరతాడు అలాగే ఉండిపోయింది.

"విషం... ఎవరో విషం కలిపారు. కడపట చేపను తెచ్చిందెవరు?"

"నూకాలు ప్రభూ" అన్నారు భటులు. జనంలో ఉన్న ఆమెను రెక్క పట్టి ఈడ్చుకొచ్చారు.

"పండుగనాడు నా ఇంట్లో చావు చూపించావు! ఇక నువ్వు సముద్రం ముఖం చూడడానికి వీల్లేదు. దీన్ని తీసుకెళ్ళి కొండల అవతల వదిలేయండి!"

సముద్రం చూడకుండా నూకాలా? జనం ఊపిరి బిగబట్టారు. నూకాలు ఏడవలేదు. దాలయ్య వంక చూసింది, అంతే.

ఆ చూపును దాలయ్య తట్టుకోలేకపోయాడు. జనాన్ని తోసుకొని వచ్చి రాజు పాదాల మీద పడ్డాడు.

"ఆమెది తప్పు కాదు ప్రభూ! నాది! మూడుసార్లు ఆమె నాతో చెప్పింది, మూడుసార్లూ నేను మీకు చెప్పలేదు. పిల్లి తినలేదు, ఆ చారల చేప తినేసింది. సింహాద్రి కొయ్యలేదు, ఆ నీలిచేప కొరికి చంపింది. ఈ పసుపుచేప బెదిరితే విషం కక్కుతుందని కూడా ఆమె చెప్పింది. నాకు అన్నీ తెలుసు. మీ కోపానికి భయపడి ఊరుకున్నాను."

రాజు నమ్మలేదు. "ఈ పిడికెడు చేపా? ఇన్నింటిని చంపిందా? నన్ను చూసి నవ్వడానికి కథలల్లుతున్నారా?"

అప్పుడు నూకాలు నోరు విప్పింది. "అనుమతిస్తే చూపిస్తాను మారాజా."

రెండు మట్టి తొట్లలో సముద్రపు నీరు తెప్పించింది. ఒకదానిలో బెస్తవాడ నుంచి తెప్పించిన మూడు చిన్న చేపలను, ఇంకో పెట్టెచేపను వదిలింది. నాలుగూ చక్కగా తిరుగుతున్నాయి. రాజు వంగి చూశాడు.

"ఏదీ విషం? అన్నీ బాగానే ఉన్నాయే!"

"ఇప్పుడు దాన్ని బెదిరించండి."

రాజు ఒక పుల్ల తీసుకొని పెట్టెచేపను పొడిచాడు. అది మూలకు పోయింది. మళ్ళీ పొడిచాడు. ఇటు పోయింది. మళ్ళీ పొడిచాడు. కాసేపటికి చిన్న చేప ఒకటి పక్కకు ఒరిగింది. నోరు తెరుస్తూ మూస్తూ గిలగిలలాడింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

"ఆపండి! ఆపండి!" అని అరిచాడు మణికేతుడు.

ఎవరిని ఆపమంటున్నాడు? పుల్ల ఆయన చేతిలోనే ఉంది.

నూకాలు గబగబా చేపలను దోసిట పట్టి రెండో తొట్టిలోని తాజా సముద్రపు నీటిలోకి మార్చింది. రెండు చేపలు తేరుకున్నాయి. ఒకటి తేరుకోలేదు. పెట్టెచేపను కూడా కడిగి వేరే కుండలోకి మార్చింది. "తన విషానికి తానే చచ్చిపోతుంది మారాజా. దానిదీ తప్పు కాదు, భయం" అంది.

రాజు పుల్లను జారవిడిచాడు. సాయంత్రం తానే గడప దిగి వచ్చి నూకాలుకు చేతులు జోడించాడు. సింహాద్రికి బల్లెం తిరిగి ఇప్పించాడు. పిల్లిని వెతకడానికి ఏరు అవతలికి మనుషులను పంపాడు.

దాలయ్య తలవంచుకొని నిలబడ్డాడు. "నాకు శిక్ష వేయండి ప్రభూ."

"నీ తప్పు ఉంది" అన్నాడు రాజు. "వెళ్ళి సింహాద్రి కాళ్ళు పట్టుకో. నేటి నుంచి తొట్టి పని నూకాలు చెప్పినట్టు చెయ్యి. కానీ దాలయ్యా, నిజం చెప్పాలంటే గజగజ వణికే ఇంటిని కట్టింది నేను. నా శిక్ష నేనే వేసుకుంటాను. ఇక మీదట ఈ ఇంట్లో 'వద్దు ప్రభూ' అన్నవాడిని మొదట కూర్చోబెట్టి, అతని మాట విని, తర్వాతే మాట్లాడతాను."

నూకాలు మళ్ళీ తొట్టిని నింపింది. ఈసారి తొందరపడలేదు. ముందు దాక్కోవడానికి రాళ్ళు పేర్చింది. పిరికివాటిని మొదట దింపింది. అవి ఇల్లు చూసుకున్నాక, నెలకొకటి చొప్పున, కాస్త ధైర్యమున్న వాటిని దింపింది. నోరు పెద్దదాన్ని తేలేదు, బెదిరితే విషం కక్కేదాన్ని తేలేదు.

"తొట్టి వెలితిగా లేదూ?" అన్నాడు రాజు, ఈసారి ఆజ్ఞలా కాక అడిగినట్టే అన్నాడు.

"వెలితి కాదు మారాజా, వాటికి తిరగడానికి చోటు. ఇలా వచ్చి ఇసుక దగ్గర చూడండి."

మణికేతుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చిన్న రొయ్య ఇసుకను తోడి తోడి బొరియ చేస్తోంది. దానికి చూపు సరిగా ఆనదు. పక్కనే ఒక చిన్న చేప కాపలా నిలబడింది. రొయ్య మీసం చేప ఒంటిని తాకుతూనే ఉంది. నీటిలో ఏదో నీడ కదిలింది. చేప తోక ఆడించింది. రెండూ కలిసి ఒకే బొరియలో దూరాయి.

"ఆఁ!" అన్నాడు రాజు. తొట్టి తనకు వచ్చిన నాటి నుంచి ఇంత ఆశ్చర్యం ఆయన ఎన్నడూ ఎరగడు.

కలిసి బతకవలసినవాటిని రంగు చూసి కాదు, గుణం చూసి ఎంచాలి. ఆ గుణం తెలిసినవాడు భయపడి నోరు మూసుకుంటే, జరిగే కీడులో సగం పాలు అతనిదే.