బకెట్ కింద చాప

నందికొట్కూరు దారిలోని షెడ్డులో పీరాసాబు పాత మట్టి యంత్రాలను బాగుచేసి మళ్ళీ పనిలోకి పంపేవాడు. ఆయన శిష్యుడు సుంకన్నకు ఒకటే కొరత. ఒక్క యంత్రాన్నయినా ఉస్తాద్ పూర్తిగా తన చేతికి వదలలేదు.

చివరికి ఒకదాన్ని అడిగి తీసుకున్నాడు. చెట్లు మొలిచి, తుప్పు పట్టి పడున్న తాళ్ళ ఎక్స్‌కవేటర్ అది. తాతల కాలంలో కాలవ తవ్వింది. ఇనుప తాళ్ళు బకెట్‌ను పైకి లాగాలి, బ్రేకు దాన్ని పైనే నిలపాలి. సుంకన్న ఇంజను విప్పి బిగించాడు. తాళ్ళు మార్చాడు. పసుపు రంగు కొట్టాడు. నీళ్ళు వదిలేలోపు అదే కాలవలో పూడిక తీయడానికి అది వెళ్ళాలి.

ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. రాళ్ళు నింపిన బకెట్‌ను పైకి లేపి, బ్రేకు తొక్కి పట్టుకొని సుంకన్న కేకేశాడు.

"ఉస్తాద్! వంక పెట్టేదానికి ఏమన్నా ఉందేమో చూడండి!"

పీరాసాబు యంత్రం వైపు చూడలేదు. సాయంకాలం నమాజు వేళయింది. లోపలికి పోయి చాప తెచ్చి, సరిగ్గా బకెట్ కింద పరవబోయాడు.



"అక్కడొద్దు ఉస్తాద్! పక్కకు రండి!"

ఆయన చాప చుట్టుకొని పోయాడు.

సుంకన్న బకెట్ దించి బ్రేకు విప్పాడు. బ్రేకు పట్టీని పట్టి ఉంచే పిన్ను పాతదే. బాగానే ఉందిలే అని గ్రీజు పూసి పెట్టేశాడు. ఇప్పుడు తుడిచి చూస్తే నడిమధ్యలో సన్నగా అరిగిపోయి ఉంది.  తర్వాత కొత్త పిన్ను చేయించాడు. బాగానే ఉందిలే అని తాను వదిలేసినవన్నీ ఒక్కొక్కటే విప్పాడు.

మర్నాడు సాయంత్రం బకెట్ మళ్ళీ లేచింది. ఈసారి కేక లేదు.

"చాప వేసుకోండి ఉస్తాద్," అన్నాడు మెల్లగా.

పీరాసాబు కాళ్ళూ చేతులూ కడుక్కొని వచ్చాడు. పైన బండెడు రాళ్ళు. కింద ఒక తెల్ల టోపీ. ఆయన నుదురు నేలకు ఆనినప్పుడు సుంకన్న బ్రేకును ఇంకా గట్టిగా తొక్కాడు. తాళ్ళు బిగిసి ఉన్నాయి. బకెట్ వెంట్రుకంత కూడా కదల్లేదు. అంత బరువు అలా గాలిలో నిలిచి ఉంటే, అది తన చేతుల పనేనంటే అతనికి నమ్మకం కుదరలేదు.

నమాజు ముగిసి ఆయన పక్కకు జరిగాక, సుంకన్న బకెట్ దించి కిందికి దిగి వచ్చాడు.

"నిన్న పిన్ను అరిగిందని మీకు తెలుసా ఉస్తాద్?"

"నాకెట్లా తెలుస్తాది? బ్రేకు విప్పి బిగించింది నువ్వు."

"మరి ఈరోజు ఏ ధైర్యంతో కూర్చున్నారు?"

పీరాసాబు చాప దులిపి చంకలో పెట్టుకున్నాడు.

"నేను నీ మొగం చూసి కూర్చున్నా. కాలవలో దిగే కూలోళ్ళు నీ మొగం కూడా చూసుండరు."

రెండు రోజులకు కాలవలో డ్రైవరు లాగితే బకెట్ మొదటిసారి తడి మట్టితో లేచింది. దాని నీడలోనే కూలీలు పారలతో అంచులు చెక్కుతూ, ఏదో మాటకు పగలబడి నవ్వుతున్నారు.

గట్టు మీద సుంకన్న బకెట్‌నే చూస్తూ చెప్పులు విడిచి నిలబడ్డాడు.