పెరుగు బండి కోర్టుకెక్కిన కథ

గెడ్డవలసలో అడిగితే సలహా చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. అడక్కపోయినా చెప్పేవాళ్ళు మాత్రం కోరాడ వారే. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు పైడయ్య, నడిపివాడు తవుడు, కడగొట్టువాడు గురువులు. వాళ్ళ తల్లి నూకాలమ్మ. "దేవుడు ఊరందరికీ తలో గరిటెడు తెలివి పోసి, కుండలో మిగిలిందంతా మా గుమ్మంలో ఒంపేసి పోయాడమ్మా" అని ఆవిడ వచ్చేపోయే వాళ్ళందరితో చెప్పుకునేది. ఆ మాట కాదనడానికి ఎవరికీ ఓపిక ఉండేది కాదు.

ఆ తెలివికి మచ్చు ఒకటి చెబుతాను, వినండి. ఒకసారి గురువులికి పంటినొప్పి వస్తే ముగ్గురూ కలిసి టౌను ఆసుపత్రికి వెళ్ళారు. గుమ్మం దగ్గర "చెప్పులు బయట విడవవలెను" అని బోర్డు ఉంది. చూసుకుంటే ఎవరి కాళ్ళకీ చెప్పుల్లేవు. పైడయ్య గడ్డం గీరుకుని, "విడవమన్నాక విడవాల్సిందే. పదండ్రా" అని తమ్ముళ్ళని ఇంటికి మళ్ళించాడు. ఇంటికొచ్చి చెప్పులు తొడుక్కున్నారు. మళ్ళీ టౌనుకెళ్ళి ఆసుపత్రి గుమ్మం బయట విడిచారు. తీరా చూస్తే డాక్టరుగారు తాళం వేసుకుని వెళ్ళిపోయారు. "పోతే పోయారు, మన వైపు నుంచి తప్పు లేదు" అన్నాడు పైడయ్య. గురువులు కూడా బుగ్గ పట్టుకునే అవునన్నాడు.

వాళ్ళ బతుకంతా పెరుగు మీదే. పెరట్లో గేదెలు, టౌనులో వాడుకలు, ఈ రెంటి మధ్య తిరగడానికి ఒక పాత మోపెడ్. పైడయ్యకి ఆ బండంటే ప్రాణం. ఆ బండి కదలకపోతే పెరుగు టౌనుకి చేరదు, పెరుగు చేరకపోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని రోజూ దాన్ని గేదెతో పాటే కడిగి, గేదెతో పాటే బొట్టు పెట్టేవాడు. దాని ఇరుపక్కలా పెరుగు కుండలు వేలాడదీసి ముగ్గురూ ఎక్కేవాళ్ళు. బండి నడపడానికి ఒకడు, పెరుగు కొలవడానికి ఒకడు, ఆ ఇద్దరూ సరిగ్గా చేస్తున్నారో లేదో చూడ్డానికి ఒకడు.

ఒకరోజు టౌను కూడలిలో కెమెరా వాళ్ళని ఫొటో తీసింది. సాయంత్రానికల్లా ఆ ఫొటో పైడయ్య ఫోనులోకి వచ్చింది. ఇల్లంతా ఒకటే సంబరం. "పైసా అడక్కుండా తీశారు, ఎంత మంచివాళ్ళో" అని నూకాలమ్మ మెటికలు విరిచింది. పైడయ్య దాన్ని పెద్దది చేయించి, పటం కట్టించి గోడకి తగిలించాడు. ఆ తర్వాత తవుడు దాని కింద ఉన్న రాత చదివాడు. ఒక్క బండి మీద ముగ్గురు వెళ్ళడం నేరమని ఉంది.

పైడయ్య చాలాసేపు ఆలోచించాడు. "ముగ్గురు తప్పంట. సర్కారోళ్ళు ఊరికే అనరు. విస్తట్లో మూడు గారెలు వడ్డిస్తే అమ్మ ఊరుకుంటాదా? ఇంకోటి వేస్తాది కదా."

అంతే. మర్నాడు నూకాలమ్మని కూడా ఎక్కించుకున్నారు.

కూడలిలో పోలీసాయన నలుగురినీ చూసి, నోట్లో ఈల నోట్లోనే మర్చిపోయాడు. "ఏటయ్యా ఇది?" అని అడిగాడు కాస్సేపటికి.

"ముగ్గురుండకూడదన్నారు కదా బాబూ, అందుకని నాలుగో మనిషిని తెచ్చాం. మా అమ్మే, బయటి మనిషి కాదు" అన్నాడు పైడయ్య వినయంగా.

పోలీసాయన తల పట్టుకుని, ఇంకో ఫొటో తీసి, "హెల్మెట్లన్నా ఉన్నాయా? ఆ బండి మీద ఏది ఎక్కినా సరే దానికి హెల్మెట్ ఉండాల్సిందే" అని గసిరాడు. ఇంకేముంది, ముగ్గురూ పోయి రెండు హెల్మెట్లు కొన్నారు. కొన్నాక ఎవరికి పెట్టాలని తర్జనభర్జన పడ్డారు. "పగిలేది కుండ. మన తలకాయలు ఇన్నాళ్ళూ పగల్లేదు కదా" అని పైడయ్య తీర్పు చెప్పాడు. మర్నాడు పెరుగు కుండలు రెండూ హెల్మెట్లు పెట్టుకుని, పట్టీలు బిగించుకుని, దర్జాగా టౌనుకెళ్ళాయి. మనుషులు బోడితలలతో వెళ్ళారు. ఇంకో ఫొటో.

ఇలా ఫొటోలు వస్తూనే ఉన్నాయి, గోడ నిండుతూనే ఉంది. చివరికి ఫొటో లేకుండా ఒట్టి రాతే వచ్చింది. అది తవుడికి కొరుకుడు పడలేదు. టౌనులో నెట్ సెంటరు నడిపే సుదర్శనం దగ్గరికి ఫోను పట్టుకెళ్ళారు. అతను చదివి, "మీ కేసు కోర్టుకెళ్ళిపోయిందయ్యా. గురువారం హాజరు కాకపోతే బండి పట్టుకుపోతారు" అన్నాడు.

పైడయ్య అక్కడే బెంచీ మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. బండి పోతే పెరుగు పోతుంది, పెరుగు పోతే గేదెల్ని అమ్ముకోవాలి, గేదెల్ని అమ్ముకుంటే ఇక కోరాడ వారు ఎవరు, గెడ్డవలస ఎవరు. సుదర్శనానికి జాలేసింది. "ఏడవకు మావా. ముందు కోర్టు రికార్డులో మీ కేసు ఎక్కడుందో చూద్దాం. వెళ్ళి బండి నంబరు పట్టుకురా" అన్నాడు.

పైడయ్య కళ్ళు తుడుచుకుని పరిగెత్తాడు. సంత వీధిలో మెకానిక్కుని బతిమాలి, బండికున్న నంబరు పలక ఊడదీయించి, తుడిచి, తువ్వాల్లో చుట్టి తెచ్చి సుదర్శనం చేతిలో పెట్టాడు. "వెనకాలది కూడా తేవాలా బాబూ, తవుడు విప్పుతున్నాడు" అన్నాడు.

సుదర్శనం కాసిని మంచినీళ్ళు తాగి, ఆ అంకెలు చూసి కంప్యూటర్లో వెదికాడు. రికార్డు దొరికింది. ఈలోపల పలకల్లేని బండి వీధిలో నిలబడి ఉండటం చూసి పోలీసాయన ఇంకో కేసు రాసేశాడు. అది కూడా ఆ రికార్డులోకే పోయి చేరింది.

"ఇదిగో మావా, బాగా విను" అన్నాడు సుదర్శనం. "కోర్టులో రికార్డులు చూసే గుమాస్తా ఉంటాడు. ముందు ఆయన్ని కలుసుకో. ఏదడిగినా దాచకుండా చెప్పు. తర్వాత హాల్లో కూర్చో. బంట్రోతు పేరు పిలుస్తాడు. పిలవగానే లేచి 'ఉన్నానయ్యా' అను. తప్పు చేశావా అంటే చేశానను. అంతే, బండి నీకు దక్కుతుంది."

గురువారం నలుగురూ కోర్టుకి వెళ్ళారు. రికార్డుల గుమాస్తా కాగితాల కట్టలోంచి తలెత్తకుండానే, "ఏం తప్పు చేశారు? ఎప్పుడు చేశారు?" అని అడిగాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దాచకూడదన్నాడు సుదర్శనం. ముందు పైడయ్యే మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు మాస్టారి కుర్చీలో దురదగుంటాకు పెట్టింది నానే బాబూ." తవుడు తల దించుకుని, పక్కింటివాళ్ళ దూడని విప్పేసి అదే తెంచుకు పోయిందని అబద్ధమాడానన్నాడు. గురువులు చివరికి భోరుమని, "అమ్మా, అటక మీద బెల్లం తిన్నది పిన్ని కాదే, నానే" అన్నాడు.

నూకాలమ్మ కొయ్యబారిపోయింది. "ఓరి నీ జిమ్మడ. ఆ బెల్లం కోసమేరా నా తోడికోడలితో మాటలు మానేసి ఇప్పటికీ కలవనిది" అని వాడి వీపు మీద ఒక్కటిచ్చి, తనూ కూలబడి ఏడుపు లంకించుకుంది. గుమాస్తా కళ్ళజోడు తీసేశాడు. వాళ్ళ ఏడుపు మధ్య బండి నంబరు తనే అడిగి రాబట్టి, కేసు కాగితం వెతికి లోపలికి పంపి, నలుగురినీ హాల్లో కూర్చోబెట్టాడు.

బంట్రోతు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. "బి. అప్పారాయుడు." పేరు పిలవగానే లేవమన్నాడు సుదర్శనం. ఎవరి పేరో చెప్పలేదు. పైడయ్య లేచి, "ఉన్నానయ్యా" అన్నాడు. ఇసుక లారీ ఎదురుదారిలో తోలావా అని జడ్జిగారు అడిగారు. తోలానన్నాడు. తాగి బస్సు నడిపిన ఇంకొకాయన్ని పిలిచారు. పైడయ్యే లేచాడు, నడిపానన్నాడు. అసలు వాళ్ళు వెనక బల్లల మీంచి ఒక్కొక్కరే నవ్వు ఆపుకుంటూ గుమ్మం వైపు జరుగుతున్నారు. ఒకడైతే పోతూ పోతూ పైడయ్య భుజం కూడా తట్టాడు.

"వై. వరహాలమ్మ" అని పిలిచాడు బంట్రోతు. "ఉన్నానయ్యా" అన్నాడు పైడయ్య.

జడ్జిగారు కలం కింద పెట్టారు. "నువ్వు వరహాలమ్మవా?"

"పిలిచారు కదా బాబూ."

"ఇందాక లారీ తోలానన్నావు. అదే పూట బస్సు ఎలా నడిపావు?"

"అదీ చేశాను బాబూ. తమరు ఏది చేశావంటే అది చేశాను. నా బండి మాత్రం వదిలెయ్యండి."

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు బల్ల మీద చరిచి, బయటికి జారుకున్నవాళ్ళందరినీ పట్టి తెమ్మన్నారు. పైడయ్య వైపు వేలు చూపించి, "నేను చెప్పేదాకా నువ్వు నోరెత్తావంటే ఊరుకోను" అన్నారు.

ఆ తర్వాత బంట్రోతు గొంతు సవరించుకుని, "కోరాడ పైడయ్య" అని పిలిచాడు.

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పైడయ్య రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. బండి కళ్ళ ముందు మెదిలింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. నూకాలమ్మ డొక్కలో పొడిచింది, తవుడు గిల్లాడు. ఊహూఁ, జడ్జిగారి మాట జవదాటడం కోరాడ వారి ఇంటా వంటా లేదు.

"హాజరు కాలేదు కాబట్టి బండి స్వాధీనం..." అని జడ్జిగారు రాయబోతుంటే గురువులు లేచాడు. "ఉన్నాడు బాబూ. తమరు నోరెత్తొద్దన్నారని ప్రాణం పోతున్నా ఎత్తట్లేదు."

జడ్జిగారు పైడయ్యని చూశారు, ఆ చేతులు చూశారు, వేళ్ళ సందుల్లోంచి కారుతున్న కన్నీళ్ళు చూశారు. ఆయన మనసు కరిగిందో, ఓపిక అయిపోయిందో నేను చెప్పలేను. పాత కేసులన్నిటికీ కలిపి చిన్న జరిమానా వేసి సరిపెట్టేశారు. "బండి తీసుకుపో. కానీ ఇదే ఆఖరు. ఇంకొక్కసారి ఆ బండి మీద ముగ్గురు కనబడ్డారంటే, బండి నీకు దక్కదు" అన్నారు.

ఆ రాత్రి పైడయ్యకి కంటి మీద కునుకు లేదు. ముగ్గురూ వెళ్ళకపోతే పెరుగు పని సాగదు. ముగ్గురూ ఎక్కితే బండి దక్కదు. తెల్లవారుతుండగా లేచి కూర్చుని నవ్వుకున్నాడు. అంత తేలిక ఉపాయం రాత్రంతా ఎందుకు తట్టలేదో అతనికే అర్థం కాలేదు.

ఆ ఉదయం టౌను కూడలిలో జనం ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. ముందు చక్రం పైడయ్య భుజం మీద, వెనక చక్రం తవుడి భుజం మీద, నడుమ ఇంజను గురువులి నెత్తి మీద. ఇరుపక్కలా పెరుగు కుండలు ఊగుతున్నాయి. ముందు నూకాలమ్మ చీపురు ఊపుకుంటూ, "తప్పుకోండర్రా, బండొస్తంది" అని అరుస్తూ నడుస్తోంది. ఎర్ర దీపం పడగానే నలుగురూ బుద్ధిగా గీత దగ్గర ఆగారు.

పోలీసాయన మెల్లగా దగ్గరికొచ్చాడు.

"చూసుకోండి బాబూ" అన్నాడు పైడయ్య రొప్పుతూ, గర్వంగా. "బండి మీద ముగ్గురున్నారా? ముగ్గురి మీద బండుంది."

పోలీసాయన చుట్టూ తిరిగి చూశాడు. ఏ కేసు రాయాలో తోచక జేబులో కలం జేబులోనే ఉంచేసుకున్నాడు. పైడయ్యకి జన్మలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. సరిగ్గా అప్పుడే పక్కన ఒక కారు ఆగింది. అద్దం దిగింది. లోపల జడ్జిగారు.

పైడయ్య ఆయన్ని గుర్తుపట్టాడు. "ఒరే, మన బండి నిలబెట్టిన మారాజురా. దండం పెట్టండ్రా" అన్నాడు.

అంతే. ముగ్గురూ భక్తిగా రెండేసి చేతులూ జోడించారు.

ఇంకేముంది, కూడలి అదిరిపోయింది. హాండిలు ఒకవైపు, ఇంజను ఒకవైపు పడ్డాయి. చక్రం ఒకటి దొర్లుకుంటూ పోయి ఎదుటి కాలవలో పడింది. పెరుగు కారు అద్దంలోంచి జడ్జిగారి ఒళ్ళోకి కూడా చేరింది.  నూకాలమ్మ రోడ్డు మీద కూర్చుని మరలూ మేకులూ ఏరి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది.

పైడయ్య కాలవలోంచి చక్రాన్ని తీసుకొచ్చి, పైపంచెతో తుడిచి, గుండెకి హత్తుకుని కారు దగ్గరికి వచ్చాడు.

"తమరు బెంగ పెట్టుకోకండి బాబూ" అన్నాడు ఆప్యాయంగా. "మీరన్నట్టే అయ్యింది. ఒక్క ముక్క కూడా బయటికి పోలేదు. బండి మొత్తం మాకే దక్కింది."