చుక్కి కొట్టిన తప్పు కబురు

టకటక పిట్టా, మొద్దుల పిట్టా,
కొండకవతల కబురేం పిట్టా?
ఎండిన వాగూ, ఎగిరే దుమ్మూ...

ఆ తర్వాత ఇంకేదో ఉంది. మడుగు అనో, మబ్బు అనో వస్తుంది. వడ్లు దంచుతూ పాడుకునేవాళ్ళం. పాట సగం పోయింది గానీ కథ పోలేదు. వినండి పిల్లలూ.

అనగనగా, ఫోన్లు ఇంకా పుట్టని రోజుల్లో, ఒక అడవిలో వడ్రంగి పిట్టలు కబుర్ల కంపెనీ పెట్టాయి. అడవి ఈ చివర నుంచి ఆ చివరికి ఏడు ఎండు చెట్లు. ఒక చెట్టు మీద పిట్ట ముక్కుతో టకటక కొడితే, రెండో చెట్టు పిట్ట విని అదే కొట్టేది. అలా ఏడో చెట్టుదాకా. కుందేలు చెవి గోక్కునేలోపు కబురు అడవంతా పాకేది! ఎంత వింతో కదా!

కంపెనీ పెట్టింది ఎర్రజుట్టు అవ్వ. మొదటి చెట్టు బెరడు మీద ఆమె మూడు గాట్లు పొడిచింది. అవి ఆ కంపెనీ నియమాలు. నాకైతే యాభై ఏళ్ళు వచ్చేదాకా అక్షరాలన్నీ అలాంటి గాట్లలాగే కనిపించేవి. పనిలో చేరే ప్రతి పిట్టా ఆ గాట్లలో ముక్కు పెట్టి పైకి చెప్పాలి.

"విన్నదే కొడతాను."

"ఏనుగు కబురైనా ఎలుక కబురైనా వచ్చిన వరసలోనే కొడతాను."

"తప్పు కొడితే, ఎవరూ అడక్కముందే నేనే చెబుతాను."

అవ్వకు ముక్కు అరిగిపోయాక మొదటి చెట్టు చుక్కికి వచ్చింది. చుక్కి చిన్నదే, చురుకైనది. పెత్తనం మాత్రం గరుకయ్య మామ చూసేవాడు.

ఒక ఎండాకాలం మడుగులన్నీ ఎండిపోయాయి. జింకలు పిల్లల్ని వెంటబెట్టుకుని నీళ్ళ కబురు కోసం చెవులు నిక్కించి నిలబడ్డాయి. పొద్దున్నే అడవికోడి పరిగెత్తుకొచ్చింది.

"చుక్కమ్మా, పడమటి మడుగులో ఊట ఊరింది! త్వరగా కొట్టమ్మా!"

రెండు దెబ్బలంటే తూర్పు మడుగు. మూడంటే పడమటి మడుగు. చుక్కి మూడు కొట్టింది. అయితే ముందురోజు చిన్న జల్లు పడింది. మొద్దుకు ఒక పక్క ఇంకా తడి ఉంది. మూడో దెబ్బ ఆ తడి మీద పడి మెత్తగా ఇంకిపోయింది. రెండో చెట్టు పిట్టకు రెండే వినిపించాయి. అక్కణ్ణుంచి అడవంతా రెండే.

కాసేపటికి అడవికోడి రొప్పుతూ మళ్ళీ వచ్చింది. "ఇదేం పనమ్మా? జింకలన్నీ తూర్పుకు పోతున్నాయి! అక్కడ బురద కూడా లేదు. ఈ ఎండకు పసికూనలు తిరిగి రాగలవా?"

చుక్కికి జరిగిన పొరపాటు అర్థమైంది. నియమం ప్రకారం ముందు తన పేరు దరువు, తర్వాత "తప్పు" దరువు కొట్టాలి. ముక్కు ఎత్తిందో లేదో గరుకయ్య అడ్డొచ్చాడు.

"ఆగవే! ఇవాళే ఏనుగుల పెద్దమ్మ పెద్దకొండ మీద కబుర్లు చెప్పే పని, అక్కడి చెట్లు ఎవరికివ్వాలో తేలుస్తుంది. మనకా, కాకులకా అని! ఇవాళే మన తప్పు డప్పు కొట్టుకోవాలా?"

"మరి జింకలు, మామా?"

"కొత్త కబురు కొట్టు. 'పడమటి మడుగులో నీళ్ళున్నాయి' అను. అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. చుక్కి పొడి పక్కకు జరిగి మూడు దెబ్బలు గట్టిగా కొట్టింది. అడవంతా మూడు మోగాయి.

దారిలో తల్లి జింక ఆ మోత వింది. "ఓహో, పడమట కూడా నీళ్ళున్నాయట. మనం తూర్పుకు సగం దూరం వచ్చేశాంగా. పదండి పదండి," అంది. పిల్లలు నాలుకలు చాపి నడిచాయి. ఒక కూన ముందుకాళ్ళ మీద కూలబడింది.

చెట్టు చిటారు నుంచి చుక్కి అంతా చూసింది. "మామా, వాళ్ళు తిరగలేదు! కొత్త కబురు పాతదాని పక్కన కూర్చుంది. పాతది తప్పని చెబితేనే అది పోతుంది!"

"కొండ పోతుందే!"

"పోనీ!"

చుక్కి తన పేరు దరువు కొట్టింది. తర్వాత కొట్టింది. "తప్పు. తప్పు. మొదటి కబురు నా తప్పు. వెనక్కి తిరగండి." ఎర్రజుట్టు అవ్వ ఎగరలేక ఎగరలేక వచ్చి పక్క కొమ్మ మీద కూర్చుంది.

జింకలు టక్కున ఆగాయి. వెనక్కి తిరిగాయి. కూలబడిన కూనను తల్లి ముట్టెతో నెట్టుకుంటూ నెట్టుకుంటూ పడమటి మడుగుకు చేర్చింది.

కాకులు పడీ పడీ నవ్వాయి. "తప్పు చుక్కీ! తప్పు చుక్కీ! మేమైతే ఒక్క తప్పూ చెప్పలేదు పెద్దమ్మా!"

నిజమే, చేసిన తప్పుల్లో ఒక్కటీ బయటికి చెప్పలేదు. పెద్దమ్మ కొండ చెట్లు కాకులకే ఇచ్చింది. గరుకయ్య మామ నెలరోజులు చుక్కితో మాట్లాడలేదు.

మరుసటి ఏడు అడవికి నిప్పంటుకుంది. కాకులు పెద్దకొండ మీద అరిచాయి. "నిజమేనంటావా?" అని అక్కడి జంతువులు ఒకదాన్నొకటి అడుగుతూ నిలబడ్డాయి. కింద అడవిలో చుక్కి కొట్టింది. తల్లి జింక ఒక్క దెబ్బకే పిల్లల్ని లేపింది.

"ముందు వెళ్ళి చూసొద్దామా?" అంది కుందేలు.

"ఎందుకు? తప్పైతే వాళ్ళే చెప్తారు. చెప్పలేదంటే నిజమే. పరుగెత్తు!"

కింద అడవిలో ఒక్క ప్రాణీ పోలేదు. కొండ మీది జంతువులు పొగ కళ్ళలోకి వచ్చాక, ఒళ్ళు కమిలి దిగాయి. వానలు పడ్డాక ఏనుగుల పెద్దమ్మే మొదటి చెట్టు దగ్గరికి నడిచొచ్చి, "చుక్కీ, పెద్దకొండ మీద కూడా కొడతావా తల్లీ?" అని అడిగింది.

చుక్కి ఆ మాట చెప్పడానికి ఎర్రజుట్టు అవ్వ తొర్రకు వెళ్ళింది. అవ్వ అప్పటికి బాగా నీరసించింది.

"కొండ కోసం పదిమంది కొత్త పిల్లల్ని పెట్టుకోవాలి అవ్వా. వాళ్ళు కూడా తప్పు కొడితే?"

"కొడతారు. కొట్టకుండా ఎలా ఉంటారు?" అని అవ్వ నవ్వింది. తర్వాత రెక్కతో చుక్కి తల నిమిరి, మరో మాట అంది. అదే ఆఖరి మాట.

"తప్పు ఎవరు కొట్టారని అరవకు తల్లీ. తప్పు ఎక్కడ పడిందో అడుగు. ఎవరో వాళ్ళే చెప్తారు."

నీతి: తప్పును కొత్త మాటతో కప్పకుండా తప్పని ఒప్పుకున్నవాళ్ళ మాటనే, ఆపద వచ్చినప్పుడు లోకం నమ్ముతుంది.