భూషయ్యగారి రాతిబాట

విరాజపురం నగరపెద్ద భూషయ్య, దిగువవాడకు రాతిబాట వేయించానని రాజుగారికి చెప్పి శాలువా కప్పించుకున్నాడు. ఊళ్లో గుసగుసలు ముదిరేసరికి, ఒంట్లో బాగాలేదని పదవి వదిలేశాడు. ఆ ఖాళీకి ఎన్నిక వస్తే సిగ్గు లేకుండా బావమరిదిని నిలబెట్టాడు. అతన్ని వెంటబెట్టుకుని ఓట్లకని దిగువవాడకు వచ్చి, ఎన్నిక జరిపించే రాజోద్యోగి గట్టు మీంచి చూస్తుండగానే మోకాళ్ల దాకా బురదలో కూరుకుపోయాడు.

కుండలమ్మే నూకాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. నిరుడు కోడలికి నొప్పులొచ్చిన నాడు మంత్రసాని ఈ బురద దాటి రాలేకపోయింది. బిడ్డ దక్కలేదు. ఆ మంట నూకాలు కడుపులో ఇంకా ఆరలేదు.

"చూస్తావేమే? బురదలోంచి లాగు," అన్నాడు భూషయ్య.

"బురదెక్కడిది బాబూ? రాతిబాట వేయించానని తమరే రాజుగారికి చెప్పారు గదా. నేను బురదన్నానంటే, గట్టు మీది అయ్యగారి ముందు తమరిని అబద్ధాలకోరన్నట్టే. నాకెందుకొచ్చిన పాపం?"

భూషయ్య ఇంకో జానెడు దిగాడు.

"బాట వెయ్యలేదు తల్లీ, ఇది బురదే," అని గొణిగాడు.

"గట్టు మీది అయ్యగారికి వినబడాలి."

గట్టిగా చెప్పాడు. అప్పుడు నూకాలు చేయందించి లాగింది.

"ఈ ముక్క నిరుడే చెప్పుంటే నా మనవడు ఈపాటికి నడిచేవాడు బాబూ," అంది.

బావమరిది ఓటడగకుండానే వెనక్కి తిరిగాడు.