సుడయ్య మూడు తాళ్ళు

అనగనగా ఒక అడవిలో ఒక పెద్ద మడుగు ఉండేది. దాని కట్టను సుడయ్య అనే నీటికుక్క కాసేవాడు. కట్టకు రెండు తలుపులు, వాటికి మూడు తాళ్ళు. ఒక తాడు లాగితే నీళ్ళు ఏటిలోకి పోతాయి. ఇంకొకటి లాగితే దిగువ బీడులోకి పోతాయి. మూడోది రెండు తలుపులనూ మూసేస్తుంది. ఏది ఏదో సుడయ్యకు కళ్ళు మూసుకున్నా తెలుసు. తక్కినవాళ్ళకు తెలియదు.

దిగువ బీడులో దుబ్బులమ్మ అనే కుందేలు పిల్లలతో కాపురం ఉండేది. ఇంకా సరిగ్గా గెంతడం కూడా రాని పసికూనలు.

వానాకాలంలో సుడయ్య బావమరిది పెళ్ళి కుదిరింది. తను ఎగువ అడవికి వెళితే కట్టను ఎవరు చూస్తారు? అందుకని ఒక ఇనుపకొంగను తెచ్చుకున్నాడు. అది ఏఐ కొంగ. రాసింది చదువుతుంది, ఆలోచిస్తుంది, ముక్కుతో తాడు లాగుతుంది. అడవిలోకి ఏఐ ఎలా వచ్చిందని నన్ను అడక్కండి. నీటికుక్క కట్ట కాసిందంటే నమ్మారుగా, ఇదీ నమ్మండి!

సుడయ్య మూడు చెక్కముక్కల మీద గబగబా రాసి తాళ్ళకు కట్టాడు. మొదటిదాని మీద “నీళ్ళ తాడు” అని, రెండోదాని మీద “నీళ్ళ తాడు, చాలా మంచిది” అని, మూడోదాని మీద “తలుపుల తాడు” అని.

దుబ్బులమ్మ చూసి, “ఇంతేనా అన్నయ్యా? తెలియనివాళ్ళకు ఇది సరిపోతుందా?” అని అడిగింది.

“తెలియకపోతే అదేం ఏఐ అమ్మా?” అని నవ్వేశాడు సుడయ్య.

అతను ప్రయాణానికి మూట కట్టుకుంటూ ఉండగానే వాన దంచికొట్టింది. మడుగు నిండింది. కొంగ చెక్కలు చదివింది. నీళ్ళు వదలాలి. రెండు తాళ్ళున్నాయి, అందులో ఒకటి చాలా మంచిదట. దాన్నే లాగింది.

నీళ్ళు బీడు మీద పడ్డాయి. “అన్నయ్యా! నా పిల్లలు!” అని దుబ్బులమ్మ పెట్టిన కేక విని సుడయ్య మూట పారేసి పరుగెత్తాడు, మూడో తాడు లాగాడు. దుబ్బులమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని గట్టుకు చేర్చింది. చిన్నది మాత్రం కనబడలేదు. వెతగ్గా వెతగ్గా ఒక చీమలపుట్ట మీద వణుకుతూ దొరికింది.

తప్పు తనదని తెలిసినప్పుడు ముందు కోపం వస్తుంది, సిగ్గు తర్వాత వస్తుంది. సుడయ్య కొంగ మీద విరుచుకుపడ్డాడు. “బుర్ర లేని ఇనుమా! బీడులోకి ఎందుకు వదిలావు?”

“బీడు సంగతి చెక్క మీద లేదు,” అంది కొంగ.

“నీ తలలో ఉన్నది దానికెలా తెలుస్తుంది అన్నయ్యా?” అంది దుబ్బులమ్మ, తడిసిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని. సుడయ్య తల దించుకున్నాడు.

మళ్ళీ రాశాడు. ఈసారి చెక్క నిండా రాశాడు. “ఇది మా తాత పేనిన తాడు. పులి లాగినా తెగదు. ఇలాంటిది ఏ అడవిలోనూ లేదు.”

కొంగ శ్రద్ధగా చదివి, “తెగదని అర్థమైంది. లాగితే నీళ్ళు ఎటు పోతాయి?” అని అడిగింది.

సుడయ్య తాతగారి గొప్పలన్నీ చెరిపేశాడు. కొంగ పక్కనే కూర్చుని, అది అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు చెబుతూ మూడోసారి రాశాడు.

“ఇది లాగితే నీళ్ళు ఏటిలోకి పోతాయి. మడుగు నిండి నీళ్ళు కట్ట పక్కనున్న నల్లరాయిని తాకితే లాగు.”

“ఇది లాగితే నీళ్ళు బీడులోకి పోతాయి. అక్కడ కుందేళ్ళున్నాయి. ఎండాకాలంలో గడ్డి కోసం కుందేళ్ళు అడిగితేనే లాగు. వానలో లాగకు.”

“ఇది రెండు తలుపులనూ మూస్తుంది. పొరపాటు జరిగితే ముందు ఇది లాగు.”

“ఇప్పుడు అర్థమైంది,” అంది కొంగ. సుడయ్య బెరుకుబెరుకుగానే పెళ్ళికి బయలుదేరాడు.

అక్కడ విస్తట్లో గారెలు పడ్డాయో లేదో, ఉరుములు మొదలయ్యాయి. మొదటిదానికంటే పెద్ద వాన! సుడయ్య విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. “బావా, భోంచేసి వెళ్ళు!” అని పెళ్ళికొడుకు పిలుస్తున్నా వినకుండా, దారి పొడుగునా పసికూనలనే తలుచుకుంటూ పరుగెత్తాడు.

వచ్చి చూస్తే ఏరు హోరుమని పారుతోంది. బీడులోకి మడుగు నీరు చుక్క కూడా పోలేదు. బొరియ గుమ్మంలో దుబ్బులమ్మ తాపీగా కూర్చుని ఉంది. లోపల పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

“నీరు నల్లరాయిని తాకింది. ఏటి తాడు లాగాను,” అంది కొంగ.

సుడయ్య బురదలోనే చతికిలబడి, హమ్మయ్య అనుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఊరుకో అన్నయ్యా, పిల్లలు లేస్తారు,” అంది దుబ్బులమ్మ. “అంత వివరంగా రాసి కూడా ఇంత భయమా? ఈ వానకు నేనే ఒక కునుకు తీశాను!”

నీతి: పనిముట్టును పొగిడితే చాలదు. అది ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో తెలియనివాళ్ళకు తెలిసేలా చెప్పాలి.